క్రొత్త యంత్రములో పాత ఆట

మా కళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్న విద్యార్థి యొకడు ఆ మధ్య ప్రయోగశాల మూయు వేళకు వచ్చి, చేతిసంచి ఒకటి నా బల్లమీద పెట్టినాడు. అందులో తొమ్మిది ఆట డిస్కులున్నవి. గల్ఫులో పనిచేసి తిరిగివచ్చిన మేనమామ ఇచ్చినవట. ఆరు వెనుకటి తరము కన్సోలుకు చెందినవి. మూడు అంతకు ముందు తరమువి. కన్సోళ్ళను మాత్రము ఆయన అక్కడనే అమ్మివేసి వచ్చినాడు.

"సార్, నాన్న ఒక్కదానికే డబ్బిస్తానన్నారు. కొత్త కన్సోలు కొనమంటారా, పి.సి. కొనమంటారా? కొత్త కన్సోల్లో పాతవన్నీ ఆడతాయంటున్నారు గదా!" అన్నాడు.

నేను ఎలక్ట్రానిక్సు చెప్పువాడను. ఆటలను గూర్చి సలహా లిచ్చుట నా పని కాదు. అయినను "పాతవన్నీ" అను ఆ మాట నన్ను పట్టుకొన్నది. ఎంత పాతవి? ఆడునని మాట ఇచ్చినవారెవరు? ఆ మాట ఎంతకాలము నిలుచును? పి.సి.ని గూర్చి అటువంటి మాట ఎవరైన ఇచ్చినారా? ఈ ప్రశ్నలకు జవాబు తెలియకుండ వానికి ఏది కొనుమని చెప్పినను అది ఊహయే అగును.

క్రొత్త యంత్రము తనకు ముందు తరము యంత్రమునకై వ్రాసిన కార్యక్రమములను కూడ నడుపగలిగినచో, ఆ గుణమును బాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అనుచున్నారు. ఈ వ్యాసములో దానిని పూర్వానుకూలత అందము. ఇది ఆటల యంత్రములతో పుట్టిన విషయము కాదు. మన తాతల కాలపు గ్రామఫోను ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరిగెడిది. తరువాత 45 చుట్లవి, 33 చుట్లవి వచ్చినవి. అప్పుడు తయారయిన రికార్డు ప్లేయర్లలో వేగము మార్చుటకు ఒక మీటను, వెడల్పు గాడికొకటి సన్నగాడికొకటిగా త్రిప్పుకొను రెండు ముళ్ళను అమర్చినారు. ఇంటిలోని పాత ప్లేట్లను పారవేయ నక్కర లేకపోయినది. క్రొత్త పెట్టె కొనుటకు ఇంటి యజమాని ఒప్పుకొన్నాడన్న, అందులో ఆ మీటకు కొంత పాలు ఉండియుండును.

కంప్యూటర్లలో దీనిని పెద్దయెత్తున వ్యాపార సూత్రముగా చేసినది ఐ.బి.యం. కంపెనీ. అంతకుముందు ఆ కంపెనీ యంత్రములే ఒక దాని భాష ఒక దానికి తెలియనివి. చిన్న యంత్రము చాలక పెద్దది కొన్న ఖాతాదారు తన కార్యక్రమములన్నింటిని తిరిగి వ్రాయించుకొనవలసి వచ్చెడిది. 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టం 360 వరుసలో చిన్నవి పెద్దవి అన్నియు ఒకే ఆదేశముల పట్టికను అనుసరించినవి. అంతే కాక, అంతకు ముందరి 1401 వంటి యంత్రముల కార్యక్రమములను కూడ నడుపు ఏర్పాటును కొన్ని నమూనాలలో చేసినారు. ఎమ్యులేటరు అను మాట ఈ అర్థములో వాడుకలోనికి వచ్చినది అప్పుడే. మనము దానిని అనుకరణి అనవచ్చును.

ఆటను గ్రామఫోను ప్లేటుతో పోల్చుట కొంతదూరమే పనికివచ్చును. ప్లేటు మీది గాడి ఏ ముల్లుకైనను గాడియే. ఆట అట్లు కాదు. అది ఒక ప్రత్యేకమైన ప్రాసెసరునకు ఒకదాని వెంట ఒకటిగా ఇచ్చిన ఆదేశముల వరుస. ఆదేశము లన్నియు అంకెలే. ఒకే అంకెకు ఒక్కొక్క ప్రాసెసరు ఒక్కొక్క అర్థము చెప్పును. 118 అను అంకెను తీసికొనుడు. సెగా కంపెనీ మాస్టర్ సిస్టంలో ఉన్న జెడ్ 80 ప్రాసెసరునకు ఆ అంకె "ఆగుము" అని అర్థము. అదే కాలపు నింటెండో యంత్రములోని 6502 జాతి ప్రాసెసరునకు అదే అంకె "మెమరీలోని ఫలానా చోట నున్న బిట్లను ఒక్కొక్క స్థానము కుడివైపునకు త్రిప్పుము" అని అర్థము. కాబట్టి ఒకదాని ఆటను మరియొకదానిలో పెట్టిన, తప్పుగా ఆడుట కాదు, అసలు మొదలే కాదు.

భాష కలిసినను తాళము కలియవలెను. పాత ఆటలు వ్రాసినవారు యంత్రము ఒక అడుగు వేయుటకు పట్టు కాలమును కూడ లెక్క వేసికొని వ్రాసెడివారు. యంత్రము వేగము పెరిగినచో ఆటలోని దొంగయు, దొరయు కలిసి పరుగుతీయుదురు. నా చిన్నతనమున మా బడి కంప్యూటరు గదిలో డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటలు ఆడని పిల్లవాడు లేడు. ఆ కాలపు పి.సి. పెట్టెల ముందుభాగమున టర్బో అను బొత్తాము ఉండెడిది. పేరు వేగమునకు సంబంధించినదే కాని దాని అసలు ఉపయోగము యంత్రమును నెమ్మది చేయుట. వేగముగల క్రొత్త యంత్రముపై పాత ఆట ఆడవలసి వచ్చినపుడు ఆ బొత్తాము నొక్కి యంత్రమును వెనుకకు లాగెడివారము. గ్రామఫోను మీటయే మరియొక రూపమున!

ఇక కన్సోళ్ళ సంగతి. కన్సోలు అనగా ఒకే కంపెనీ తయారుచేసి, ఏండ్ల తరబడి మార్పులేకుండ అమ్మునట్టి ఆటల యంత్రము. ఆట వ్రాయువానికి అది గొప్ప సౌకర్యము. ఎదుటనున్నది ఏ ప్రాసెసరో, ఎంత మెమరీయో, ఏ చిత్రముల చిప్పో వానికి ముందే తెలియును. చివరి బొట్టువరకు పిండుకొనగలడు. కాని ఈ సౌకర్యమే తరువాత మెడకు చుట్టుకొనును. యంత్రము గుణము లన్నింటిని, లోపములతో సహా, ఆట నమ్ముకొనియుండును. యంత్రము మారగానే ఆ నమ్మకము చెడును. కన్సోలుకున్న ప్రధానమైన ఆకర్షణయే దాని పాత ఆటలకు శత్రువు. ఈ సంగతిని ప్రకటనలు చెప్పవు.

అటారి కంపెనీకి ఈ పాఠము తొలినాళ్ళలోనే అనుభవమైనది. 1977లో వచ్చిన దాని 2600 యంత్రమునకు ఇండ్లనిండ ఆటలుండగా, 1982లో వచ్చిన 5200 వానిని తాకనైన లేదు; మరుసటి సంవత్సరము ప్రత్యేకముగ ఒక తొడుగు తయారుచేసి అమ్మవలసి వచ్చినది. తరువాతి 7800 యంత్రము పాత కార్ట్రిడ్జిలను నేరుగా స్వీకరించినది.

అందరికంటె అందముగా ఈ చిక్కును విప్పినది, నా దృష్టిలో, సోనీ కంపెనీ రెండవ ప్లేస్టేషన్. మొదటి ప్లేస్టేషన్ 1994లో జపానులో వెలువడినది. దాని ప్రాసెసరు సుమారు 34 మెగాహెర్ట్జ్ వేగముతో నడచెడిది. 2000లో రెండవది వచ్చినపుడు ఆ పాత ప్రాసెసరును పారవేయలేదు. క్రొత్త పెట్టెలో దానికి చిన్న ఉద్యోగ మిచ్చినారు. సాధారణముగ అది సుమారు 37 మెగాహెర్ట్జ్ వేగముతో డిస్కు, మీటలు మొదలగువాని రాకపోకలు చూచుకొనును. పాత డిస్కు పెట్టినపుడు వేగము తగ్గించుకొని తన పూర్వపు 34కే వచ్చి, పెద్దరికము వహించి ఆట నడుపును. పదవీవిరమణ చేసిన హెడ్‌మాస్టరును లైబ్రరీలో కూర్చుండబెట్టి, పాత విద్యార్థులు వచ్చినపుడు మరల కుర్చీ ఇచ్చినట్లున్నది. ఈ యంత్రము 15 కోట్లకు పైగా అమ్ముడయినది. అంతటి గెలుపునకు పూర్వానుకూలత ఒక్కటే కారణమనుట అతిశయోక్తి. దానిలో సినిమా డి.వి.డి.లు చూచు వీలు కూడ ఉండెడిది. కాని మొదటి నెలలలో క్రొత్త ఆటలు కొద్దిగా ఉన్నపుడు కొన్నవాని చేతికి పని కల్పించినవి పాత డిస్కులే.

నింటెండోవారు చేతిలో పట్టుకొని ఆడు యంత్రములలో ఇదే ఉపాయమును వాడినారు. 2001 నాటి గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో క్రొత్త ప్రాసెసరుతో పాటు పాతదియు ఉన్నది. పాత కార్ట్రిడ్జి ఆకారము వేరగుటచే లోపల ఒక చిన్న స్విచ్చి నొక్కుకొని యంత్రము పాత రూపు దాల్చును. ఇట్టి వానిని చూచినపుడు ఇంజనీరుల బుద్ధికి నమస్కరింప బుద్ధి పుట్టును.

అదే సోనీ మూడవ ప్లేస్టేషన్‌లో ఏమి చేసినదో చూడుడు. 2006 నవంబరులో జపాను, అమెరికాలలో వెలువడిన మొదటి నమూనాలలో రెండవ ప్లేస్టేషన్ ప్రాసెసరును, చిత్రముల చిప్పును రెంటిని పెట్టినారు. యంత్రము ఖరీదు అమెరికాలో 499, 599 డాలర్లు. ఆ ధరకు అంతటా మూతి విరుపు లెదురయినవి. 2007 మార్చిలో ఐరోపాకు వెళ్ళునప్పటికి పాత ప్రాసెసరు మాయమైనది; ఆ సంవత్సరాంతమున వచ్చిన 40 గిగాబైట్ల నమూనాలో రెండవ చిప్పు కూడ పోయి, రెండవ ప్లేస్టేషన్ ఆటలు ఆడుట పూర్తిగా ఆగిపోయినది. పెట్టె మీద పేరు అదే. లోపలి మాట మాత్రము ఏడాది తిరుగకముందే మారినది. పూర్వానుకూలత యంత్రమునకు పుట్టుకతో వచ్చు గుణము కాదనుటకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి అక్కరలేదు. అది ఒక ఖర్చు. ఎవరో ఒకరు దానిని ప్రతి యేడు భరించుచుండవలెను.

ఆ మూడవ ప్లేస్టేషన్ తన తరువాతివానికి మిగిల్చిన చిక్కు ఇంకను పెద్దది. దాని సెల్ ప్రాసెసరు విచిత్రమైన నిర్మాణము. 3.2 గిగాహెర్ట్జ్ వేగముగల ఒక పెద్ద అంగము, దాని చుట్టు సహాయక అంగములు. ఆటలు వ్రాయువారికి అందుబాటులో నున్న ఆరింటిలో ఒక్కొక్కదానికి 256 కిలోబైట్ల సొంత మెమరీ. పనిని ముక్కలు చేసి ఎవరి ముక్క వారి కందించుట ఆట వ్రాయువాని బాధ్యత. నేర్చుకొన్నవారు దానితో అద్భుతములు చేసినారు. అయితే 2013లో వచ్చిన నాలుగవ ప్లేస్టేషన్‌లో పి.సి. జాతికి చెందిన 1.6 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు పెట్టినారు. అది సెల్‌ను అనుకరించు శక్తి గలది కాదు.

అనుకరించుట ఎంత బరువో ఇచ్చట చెప్పవలెను. అనుకరణి అనగా రెండు భాషల నడుమ నిలుచు దుబాసీ వంటి కార్యక్రమము. పాత యంత్రపు ఆదేశమును ఒక్కొక్కదానినే చదివి, దాని అర్థమును క్రొత్త యంత్రము భాషలో చెప్పును. పాత యంత్రము ఒక్క మాట అన్నచో దుబాసీ పది మాటలు చెప్పవలసి యుండును. పైగా తాళము తప్పకూడదు. 4 మెగాహెర్ట్జ్‌కు లోబడిన ప్రాసెసరుగల సూపర్ నింటెండోను ఏ చిన్న తేడా లేకుండ అనుకరించుటకు 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు కావలసి వచ్చినదని అట్టి అనుకరణి నొకదానిని తయారుచేసినవారే 2011లో వివరించినారు. అనగా దాదాపు వేయిరెట్లు! స్థూలముగ అనుకరించుటకు అంత అక్కర లేదు. కాని స్థూలముగ పాడిన కీర్తన ఎట్లుండునో చదువరులకు తెలియును.

2020 నవంబరు నాటి అయిదవ ప్లేస్టేషన్ ఇంకొక త్రోవ పట్టినది. పాతదాని జాతికే చెందిన ప్రాసెసరునే, ఎక్కువ వేగముగలదానిని, అందులో పెట్టినారు. చిత్రముల చిప్పులోని గణన విభాగములు 36. నాలుగవ ప్లేస్టేషన్‌లో అవి 18. దాని పెద్ద నమూనా అయిన ప్రోలో 36. ఇది కాకతాళీయము కాదు. పాత యంత్రముల పద్ధతిని ఈ చిప్పు లోపలనే ఇమిడ్చినారు. కాబట్టి నాలుగవదాని ఆటలు నాలుగువేలకు పైబడి ఉండగా, ఆడనివి వేళ్ళమీద లెక్కింపదగినన్నియే. ఇది గట్టి పని, మెచ్చుకొనవలసినదే. కాని దీని వెనుకనున్న మూల్యమును కూడ గుర్తింపవలెను. కన్సోలు తన ప్రత్యేకమైన నిర్మాణమును వదలుకొని పి.సి.కి తమ్ముడయినది. అందువలననే నిన్నటి ఆట నేడు ఆడుచున్నది. మొన్నటిది, అనగా మూడవదాని డిస్కు, ఇందులోను ఆడదు. ఎక్కడనో దూరపు కేంద్రమున పాత యంత్రములను నడిపి చిత్రమును మాత్రము ఇంటర్నెట్టుపై పంపు ఏర్పాటును నెలసరి చందాతో కొన్ని దేశములలో పెట్టినారు. 2022లో ఆ చందా ఏర్పాటు మొదలయినప్పుడు మన దేశమున దూరము నుండి ఆడు భాగము లేదు.

ఇందులో నన్ను మిక్కిలి నొప్పించిన విషయ మొకటి కలదు. అయిదవ ప్లేస్టేషన్ వెలువడిననాడే దాని గొప్పతనమునకు సాక్ష్యముగ చూపిన ఆటలలో డెమన్స్ సోల్స్ ముఖ్యమైనది. అది 2009లో మూడవ ప్లేస్టేషన్‌కై వచ్చిన ఆట. దానిని మరియొక సంస్థవారు మొదటినుండి తిరిగి నిర్మించి ఇచ్చినారు. అమెరికాలో ధర 70 డాలర్లు. చూచుటకు కన్నుల పండువే. కాని 2009 నాటి డిస్కు చేతిలో నున్నవానికి ఆ క్రొత్త పెట్టెలో దాని వలన ప్రయోజనము లేదు, మరల కొనవలసినదే. 1957 నాటి మాయాబజారుకు 2010లో రంగులు వేసి విడుదల చేసినారు. ఎవరి ఇష్టము వారిది; కాని రంగుల ప్రతి వచ్చినంత మాత్రమున నలుపు తెలుపుల ప్రతి మనకు కానరాకుండ పోలేదు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి ఏది మేలో వాదించుకొనగలుగుచున్నాము. ఆటల విషయమున ఆ వాదమునకే చోటు లేకుండ పోవుచున్నది.

మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్స్ ఈ విషయమున ఎక్కువ శ్రద్ధ చూపినదనుట న్యాయము. 2005 నాటి ఎక్స్‌బాక్స్ 360 ప్రాసెసరు ఒక జాతి, 2013 నాటి ఎక్స్‌బాక్స్ వన్ ప్రాసెసరు వేరు జాతి. మొదట పాత ఆటలు ఆడవనియే అన్నారు. తరువాత దుబాసీని తయారుచేసి, 2015 నవంబరులో 104 ఆటలతో మొదలుపెట్టి, 360 ఆటలలో ఆరువందలకు పైగా ఆడునట్లు చేసినారు. 2020 నాటి యంత్రములలో కొన్ని పాత ఆటలు, తమ ఆదేశములలో ఒక్కటియు మారకుండగనే, రెట్టింపు చిత్రముల వేగముతో నడచినవి. అయితే 360 ఆటల మొత్తము రెండువేలకు పైచిలుకు. 2021 నవంబరులో మరి కొన్నిటిని చేర్చి, ఇక చాలునన్నారు. సాంకేతిక కారణములతో పాటు అనుమతుల, చట్టముల చిక్కులను కూడ చెప్పినారు. ఆటలో వినవచ్చు పాటకు అనుమతి కొన్ని ఏండ్లకే ఉండవచ్చును. ఆట తయారుచేసిన సంస్థయే మూతపడి యుండవచ్చును. ప్రాసెసరు చేయగలిగినను పత్రము చేయనీయదు.

ఇంకొక సంగతి. పాత 360 డిస్కును క్రొత్త ఎక్స్‌బాక్స్‌లో పెట్టినపుడు ఆట ఆ డిస్కు నుండి నడువదు. యంత్రము డిస్కును చూచి, "ఇతడు కొన్నవాడే" అని నిర్ధారించుకొని, మార్చి సిద్ధపరచిన ప్రతిని కంపెనీ సర్వరునుండి దింపుకొనును. డిస్కు ఇప్పుడు ఆట కాదు, రశీదు. సర్వరు లేనినాడు రశీదుతో ఏమి చేయుదుము?

డిస్కు పెట్టుటకు చోటే లేని కన్సోళ్ళు కూడ వచ్చినవి. అయిదవ ప్లేస్టేషన్ 2021 ఫిబ్రవరిలో మన దేశమునకు వచ్చినపుడు డిస్కు చోటు గలదాని ధర 49,990 రూపాయలు, లేనిదాని ధర 39,990. పాత డిస్కులున్నవానికి ఆ పదివేల తేడాయే పూర్వానుకూలత ధర. 2024 నవంబరులో వచ్చిన ప్రో నమూనాలో, 700 డాలర్ల ధరకు కూడ, డిస్కు భాగము లేదు, విడిగా కొనవలెను.

ఇప్పుడు పి.సి.ని చూతము. ఇది ఎవరి సొంత సొత్తును కాదు. 1981 ఆగస్టులో ఐ.బి.యం. వెలువరించిన నమూనాను లోకమంతయు అనుకరించినది. నేడు కొన్న పి.సి. ప్రాసెసరు కూడ విద్యుత్తు అందిన తొలి క్షణమున 1978 నాటి 8086 వలెనే మేల్కొని, తరువాత తన నిజరూపము ధరించును. ఆట కూడ కొంతకాలమునకు చిప్పులతో నేరుగ మాటలాడుట మానినది. 1995లో విండోస్‌కై వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ వంటి మధ్యవర్తితో చెప్పుకొనును. మధ్యవర్తి చిప్పుతో చెప్పును. చిప్పు మారినను మధ్యవర్తి మాట మారకున్నంతవరకు ఆట సాగును. కన్సోలు ఆట వ్రాయువానికి దొరకిన చనువు పి.సి.లో వ్రాయువానికి దొరకలేదు. ఆ దూరమే ఆటకు ఆయుర్దాయమైనది.

విండోస్ 95 తయారుచేసినవారు పడిన పాట్లలో ఒకటి ప్రసిద్ధము. 1989 నాటి సింసిటీ ఆటలో ఒక దోష ముండెను. వాడుకొని తిరిగి ఇచ్చివేసిన మెమరీని అది మరల చదివెడిది. పాత పద్ధతిలో ఆ చోటును వెంటనే ఇంకొకరికి ఇచ్చెడివారు కారు గనుక తప్పు బయటపడలేదు. క్రొత్త విండోస్‌లో ఆట కూలిపోయినది. తప్పు ఆటది. అయినను విండోస్‌వారు సింసిటీ నడుచుచున్నదేమో కనిపెట్టి, నడుచుచున్నచో మెమరీని వెంటనే తీసికొనకుండునట్లు తమ కార్యక్రమమునే సవరించుకొన్నారు. కొన్నవాడు ఆటను కాక క్రొత్త విండోస్‌ను నిందించునని వారికి తెలియును.

ఇట్లని పి.సి.లో అన్నియు ఆడునని చెప్పినచో అబద్ధమగును. 64 బిట్ల విండోస్ 16 బిట్ల పాత కార్యక్రమములను నడుపదు; 2021 నాటి విండోస్ 11కు 64 బిట్ల రూపము తప్ప వేరు లేదు. మా బడిలోని డేంజరస్ డేవ్ అందులో నేరుగ తెరుచుకొనదు. డిస్కు నకళ్ళను అరికట్టుటకు సేఫ్‌డిస్క్ అను తాళము వేసి అమ్మిన ఆటలు 2015 నాటి విండోస్ 10లో ఆగిపోయినవి. ఆ తాళము తీయు కార్యక్రమము భద్రతకు ముప్పని దానిని తొలగించినారు. డబ్బిచ్చి కొన్నవాని డిస్కు ఆగిపోయినది. తాళము తీసివేసిన దొంగనకలు మాత్రము ఆడుచున్నది! స్టీమ్ వంటి దుకాణములో కొన్నది కూడ ఆట కాదు, ఆడుకొను అనుమతి. 2024 జనవరి 1 నుండి ఆ దుకాణము విండోస్ 7, 8లకు ఆధరువు మానుకొన్నది. ఆటకు సరిపోయిన పాత యంత్రము దుకాణమునకు సరిపోదు.

తేడా ఎక్కడ నున్నదనగా, పి.సి.లో తలుపు మూసికొన్నపుడు కిటికీ తెరచువారికి అడ్డు లేదు. డేంజరస్ డేవ్ ఆడుటకు డాస్‌బాక్స్ అను అనుకరణి 2002 నుండి ఉచితముగ దొరకుచున్నది. దానిని ఏ కంపెనీయు చేయలేదు. తీరిక వేళల ఔత్సాహికులు చేసినారు. 2011లో అట్టివారే మొదలుపెట్టిన ఆర్.పి.సి.యస్.3 అను అనుకరణి ఈనాడు మూడవ ప్లేస్టేషన్ ఆటలలో అధికభాగమును మంచి పి.సి.పై నడుపుచున్నది. సోనీవారి సొంత క్రొత్త పెట్టె నడుపని ఆటలవి. చట్టమున కూడ వీరికి కొంత నెలవు కలదు. మొదటి ప్లేస్టేషన్‌ను కంప్యూటరుపై అనుకరించు కార్యక్రమమును అమ్మిన కనెక్టిక్స్ సంస్థపై సోనీ వేసిన దావాలో, 2000 సంవత్సరమున అమెరికా అప్పీలు న్యాయస్థానము కనెక్టిక్స్ పక్షముననే తీర్పు చెప్పినది.

ఈ మాటలు విని, పి.సి.యే మేలని నేను తేల్చుచున్నానని చదువరులు అనుకొనవద్దు. పి.సి.కి తన పూర్వమే పూర్వము. కన్సోలు డిస్కును అందులో పెట్టిన అది పళ్ళెము మాత్రమే. అనుకరణిని సరిదిద్దుకొనుటకు ఓపిక కావలెను. నాకు తెలిసిన పిల్లలలో సగముమంది ఆట కంటె ఆటను నడిపించుటకే ఎక్కువ గంటలు వెచ్చించుచున్నారు. సాయంకాలము అరగంట తీరిక దొరకిన ఉద్యోగికి బొత్తాము నొక్కగానే ఆడు పెట్టె నిజముగ సుఖము. ఇక ఎల్లవేళల సర్వరుతో ముడిపడిన ఆటల విషయమున రెంటికి భేదము లేదు. 2014 నాటి ది క్రూ అను కారుపందెముల ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు కట్టివేయగా, పి.సి.లోను కన్సోలులోను ఒకేనాడు చచ్చినది.

నేను తప్పు పట్టునది కన్సోలును కాదు, "పాతవన్నీ ఆడును" అను మాటను. పాత అనగా వారు ఎంచిన పాత. 2010కి ముందు అమెరికాలో వెలువడిన ఆటలలో 87 శాతము నేడు ఏ దుకాణమునను కొనుటకు దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన పరిశీలనలో తేలినది. 2023 మార్చిలో నింటెండో తన రెండు పాత యంత్రముల దుకాణములను, 2024 జూలైలో మైక్రోసాఫ్టు 360 దుకాణమును మూసివేసినవి. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 కూడ తన ముందుదాని ఆటలను దుబాసీ సాయముతోనే ఆడించుచున్నది, బాగుగనే ఆడించుచున్నది. స్విచ్ 3 వచ్చినపుడు ఆ దుబాసీకి జీతము ఇత్తురో లేదో ఇప్పుడే ఎట్లు చెప్పగలము?

నా విద్యార్థికి ఇదంతయు చెప్పలేదు. సంచిలోని డిస్కులను రెండు దొంతరలుగ పేర్చి, "ఈ ఆరు కొత్త కన్సోల్లో ఆడతాయి, డిస్కు పెట్టే చోటున్నది కొంటేనే. ఈ మూడూ అందులో ఆడవు. పి.సి. కొన్నావా, తొమ్మిదిలో ఒక్కటీ పెట్టగానే ఆడదు, కానీ ఈ మూడూ ఎప్పటికైనా ఆడే దారి ఉంది" అంటిని. వాడు చాలసేపు ఆలోచించినాడు. "ఆరు పెద్దది కదా సార్" అన్నాడు. వారము దినములకు కన్సోలు కొన్నాడు. సంతోషముగ ఉన్నాడు.

ఆ మూడు డిస్కులు నా బల్ల సొరుగులో ఉన్నవి. మూడవ సంవత్సరము పిల్లలు నలుగురు ఈ యేడు ప్రాజెక్టు క్రింద వానిని పి.సి.పై అనుకరించి, ఏ దృశ్యమున వేగము ఎంత పడిపోవుచున్నదో పట్టిక వేయుదుమని పూనుకొన్నారు. మొదటి అడుగుననే ఆగినారు. మా ప్రయోగశాల యంత్రములు ఆ డిస్కులను చదువలేవు. బ్లూరే డ్రైవులైనను అన్నియు చదువవట. చదువగలిగినది ఎవరి పాత కంప్యూటరులోనైన ఉన్నదేమోనని ఊరిలోని మరమ్మతు దుకాణములన్నిటిని తిరుగుచున్నారు.